బాలల చేతిపనులు: కళావిజ్ఞానముల కలయిక

(గ్రామ గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేయబడిన ఉపన్యాసము)

  

ఒక పల్లెలో గ్రంథాలయము 25 సంవత్సరములు నిలిచియుండుట సామాన్యమైన విషయము కాదు. పుస్తకములను కొనుట ఒకనాటి పని. ప్రతిదినము సకాలమున తలుపు తెరచి, దీపము వెలిగించి, వచ్చినవారికి కావలసిన పుస్తకమును చేతికందించుట జీవితకాలపు పని. అట్టి పని ఎడతెగక సాగినందువలననే ఈ రజతోత్సవము సంభవించినది. ఇట్టి శుభసమయమున గడచిన కాలమును కొనియాడుట ఉచితమే. కాని రాబోవు 25 సంవత్సరములలో ఈ తలుపు తెరచికొని లోనికి రావలసినవారు నేటి బాలబాలికలు. వారికి గ్రంథాలయము ఏమి ఈయగలదను ప్రశ్నయే ఈ ప్రసంగమునకు విషయము.

అయిదేండ్ల పిల్లకు కళయనియు, విజ్ఞానమనియు రెండు వేరు వస్తువులు లేవు. వాననీటిలో కాగితపు పడవను విడుచునప్పుడు ఆమె శిల్పియు అగును, పరిశోధకురాలును అగును. పడవ అందముగా ఉండవలెనను కోరికయు, అది ఏల మునిగెనను సందేహమును ఆమె మనస్సున ఒక్క క్షణముననే పుట్టును. పదేండ్లు వచ్చుసరికి ఆ రెంటి నడుమ గోడ లేచును. విజ్ఞానమనగా ప్రశ్నలకు జవాబులు వల్లించుటయనియు, చిత్రలేఖనమనగా తీరికవేళ కాలక్షేపమనియు ఆమె నేర్చుకొనును. పై తరగతులకు పోయిన పిమ్మట పరీక్షల పేరిట ఆ కాలక్షేపము కూడ మాన్పింపబడును.

ఈ గోడవలన ఇరువైపులవారికిని నష్టము కలుగుచున్నది. శ్రీకాళహస్తిలో కలము పట్టి వస్త్రముపై బొమ్మలు వ్రాయు పనివానికి పటికనీరు ఎంత చిక్కగా ఉండవలెనో అనుభవముచే తెలియును. ఆ పటిక చేయు పనికి రసాయనశాస్త్రమున ఒక పేరు కలదని అతనికి చెప్పువారు అరుదు. ఆ పేరును వ్రాసి మార్కులు పొందిన విద్యార్థి, పటికవలన ఎరుపు నిలుచుటను కన్నులార చూచియుండుటయు అరుదే. పని తెలిసినవానికి పేరు అందలేదు. పేరు తెలిసినవానికి పని అందలేదు. పనివాని బిడ్డ బడికి పోయి, తన తండ్రికి తెలిసినది విద్యయే కాదని నమ్ముట దీనివలన కలుగు నష్టములలో పెద్దది. ఆ పేరును, ఆ పనిని బాల్యముననే ఒకచోట కలుపుటయే పిల్లలచేత చేయించు సృజనాత్మకమైన చేతిపనుల ముఖ్యప్రయోజనము.

అయితే కలయిక యనుపేర జరుగు పనులన్నియు కలయికలు కావు. పాఠ్యపుస్తకములోని గుండె బొమ్మకు రంగులు పూసినంతమాత్రమున కళయు విజ్ఞానమును కలసినట్లు కాదు. అంగడిలో కొన్న అట్టముక్కలను పెద్దలే అతికించి, పిల్లల పేరు వ్రాసి ప్రదర్శనకు పెట్టినను కలసినట్లు కాదు. అందముకొరకు చేయు పనిలోనే ప్రశ్న పుట్టవలెను. ఆ ప్రశ్నకు చేతితో వెదకి తెచ్చిన జవాబు మరల ఆ పనికి అందమును పెంచవలెను. ఇందులకు ఉదాహరణములను దూరదేశమున వెదకనక్కరలేదు. తెలుగువారి ఇంటినుండియే ఆరంభింపవచ్చును.

శుభకార్యములందు హారతికొరకు పళ్లెములో కలుపు ఎఱ్ఱనీళ్లను చూడని పిల్లలు అరుదు. ఆ పళ్లెములో ఎఱ్ఱని వస్తువు ఏదియు వేయలేదు. పసుపు పచ్చనిది, సున్నము తెల్లనిది. రెండును కలసినంతనే ఎరుపు వచ్చును. నిత్యము చూచు ఈ వింతను పిల్లలు ప్రశ్నగా మార్చుకొనవలెను. పసుపునీటిలో ముంచి ఆరవేసిన కాగితముపై, సున్నపు తేటలో తడిపిన పుల్లతో ఒక మందారమును వ్రాయుమని వారితో చెప్పవలెను. పచ్చని కాగితముపై ఎఱ్ఱని పువ్వు పూచును. ఆ రేకులపై చింతపండు రసపు చుక్క వేసినచో అచ్చట ఎరుపు పోయి పసుపు మరల వచ్చును. సబ్బునీరు, చాకలిసోడా, నిమ్మరసము, మజ్జిగ: వీనిలో ఏది ఎరుపునిచ్చును? ఏది ఈయదు? ముందుగా ఊహించి వ్రాసికొని, పిమ్మట చేసి చూడవలెను. పుల్లనివి ఒకవైపునకును, సున్నము, సబ్బువంటివి మరియొకవైపునకును చేరుటను గమనించిన పిల్లవానికి ఆమ్లము, క్షారము అనునవి కంఠస్థము చేయవలసిన మాటలు కావు. తాను కనుగొన్న రెండు గుంపులకు పెట్టబడిన పేర్లు. సున్నము కంటిలో పడినచో అపాయము గనుక తేటను పెద్దలే తీసి, దగ్గర నిలిచి పని చేయింపవలెను.

రెండవ మెట్టు కరక్కాయ. బెల్లపునీటిలో తుప్పుపట్టిన మేకులను రెండుమూడు వారములు నానవేసినచో ఇనుపనీరు సిద్ధమగును. కరక్కాయపొడిని నానవేసి వడగట్టిన నీటిలో తడిపి ఆరవేసిన నూలుగుడ్డపై, ఆ ఇనుపనీటితో గీత గీసినచో అది చూచుచుండగనే నల్లబడును. కరక్కాయలోని వగరు పదార్థము ఇనుముతో కూడి నలుపగును. పూర్వము కరక్కాయకు అన్నభేది చేర్చి సిరా చేసికొనుటలోని రహస్యమును ఇదియే. కలంకారి పనివారు వస్త్రమును కరక్కాయనీటితోపాటు గేదెపాలలోను తడుపుదురు. ఏలయను ప్రశ్నకు పిల్లలే సమాధానము రాబట్టగలరు. పాలు పట్టించిన గుడ్డముక్కపైనను, పట్టింపని ముక్కపైనను ఒకే గీతను గీసి చూడవలెను. మొదటిదానిపై గీత సన్నగా నిలుచును. రెండవదానిపై అంచులు చెదరి పాకిపోవును. పాలలోని వెన్న రంగును పరుగెత్తనీయదు. సన్నని గీత గీయవలెనను చిత్రకారుని కోరికయే ఇచ్చట శాస్త్రప్రశ్నకు తల్లి యైనది.

అన్నిటికంటె అద్భుతమైనది ఎరుపు. ఎరుపు రావలసినచోట పనివాడు పటికనీటితో వ్రాయును. ఆ వ్రాత కంటికి దాదాపు కనబడదు. పిమ్మట వస్త్రమును ఎఱ్ఱరంగునిచ్చు వేళ్లు వేసిన నీటిలో మరగించును. పటిక తగిలినచోట రంగు గట్టిగా పట్టును. తక్కినచోట్ల అంటినది ఉతుకులో వదలిపోవును. పటికలోని అల్యూమినియము ఒకవైపు నూలుపోగును, మరియొకవైపు రంగును పట్టి ఉంచును. ఇట్టి పదార్థమును వర్ణబంధకమందురు. ఆంగ్లమున మోర్డెంటు అని పేరు. మచిలీపట్నపు అద్దకములకు కీర్తి తెచ్చిన ఎరుపు పూర్వము చిరివేరునుండి వచ్చెడిది. 1856లో 18 సంవత్సరముల ఆంగ్లయువకుడు విలియం హెన్రీ పెర్కిన్, క్వినైనును తయారుచేయబోయి ఊదారంగును కనుగొనెను. 1868లో జర్మనీయందు గ్రేబె, లీబర్‌మన్ అను శాస్త్రజ్ఞులు మంజిష్ఠజాతి వేళ్లలోని ఎఱ్ఱని పదార్థమగు అలిజరినును ప్రయోగశాలలో నిర్మించిరి. క్రమముగా ఆ కృత్రిమపు ఎరుపు చిరివేరు స్థానమును ఆక్రమించినది. వేళ్లు త్రవ్వి జీవించువారి వృత్తి క్షీణించినది. ఒక గుడ్డముక్కకు ఎరుపు పట్టించిన పిల్లవానికి ఈ కథ చెప్పినచో రసాయనమును, చరిత్రయు, జనుల జీవనమును ఒక్క దారపు పోగుననే ఉన్నవని తెలియును.

రంగులకు చెప్పిన మాట నాదమునకును చెల్లును. ఒకే కొలత గల గాజుసీసాలు ఏడింటిని వరుసగా పెట్టి, వానిలో హెచ్చుతగ్గులుగా నీరు పోయవలెను. పుల్లతో కొట్టినచో, నీరు ఎక్కువగా ఉన్న సీసా తగ్గుశ్రుతిలో మ్రోగును. జలతరంగమును వాయించువారు ఈ సూత్రముననే గిన్నెలను శ్రుతిచేయుదురు. ఇప్పుడు అవే సీసాల నోటిపై పెదవిని ఆనించి ఊదుమనవలెను. ఫలితము తలక్రిందగును! నీరు ఎక్కువగా ఉన్న సీసాయే హెచ్చుశ్రుతిలో పలుకును. సీసాలు అవే, నీరును అదే; మార్పు ఎచ్చటనుండి వచ్చెను? పిల్లలను కొంతసేపు వాదించుకొననీయవలెను. తొందరపడి జవాబు చెప్పుట వారి సొత్తును అపహరించుటయే. కొట్టినప్పుడు కంపించునది నీటిభారముతో కూడిన గాజు. భారము పెరిగినకొలది కంపము మందగించును. ఊదినప్పుడు కంపించునది నీటిపైనున్న గాలి. ఆ గాలి తగ్గినకొలది కంపము వేగమగును. ఈ ఏడు సీసాలలో సరిగమలను పలికించుటకు చెవి కావలెను; ఏ స్వరమునకు నీరు ఎంత ఎత్తున నిలిచినదో వ్రాసికొనుటకు కొలబద్ద కావలెను. రెండును ఒక్క పిల్లవాని చేతిలోనే ఉండును.

సర్ సి. వి. రామన్ బాల్యము విశాఖపట్టణమున గడచినది. 1930లో ఆయనకు నోబెల్ బహుమానము వెలుగును గూర్చిన పరిశోధనకు లభించినను, అంతకుముందే ఆయన వాయులీనమును, వీణను, తంబురను, మృదంగమును పరిశోధించియుండెను. సామాన్యమైన డోలును కొట్టినప్పుడు పుట్టు నాదములు ఒకదానితో ఒకటి పొసగవు. మృదంగము చర్మము నడుమ వేయు నల్లని పూత ఆ నాదములను తంత్రీవాద్యములందువలె ఒకదానికొకటి పొసగునట్లు చేయునని ఆయన 1920లో సహకారితో కలసి ప్రకటించెను. ఆ పూతను మొదట వేసినవాని పేరు చరిత్రకు తెలియదు. అతడు సమీకరణమును వ్రాయలేదు. చెవితో విని, చేతితో దిద్దెను. పేరు పెట్టిన మహాశాస్త్రజ్ఞుడు అట్టి పనివాని పనిని గౌరవించి, దానినే తన ప్రశ్నగా చేసికొనెను. బాలలకు చూపవలసిన మార్గము ఇదియే.

ఇక వెలుగునీడలు. తోలుబొమ్మలాట తెలుగువారి సొత్తు. నిమ్మలకుంటలో ఈ కళను నేటికిని నిలిపినవారిలో ఒకరగు దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ పురస్కారము లభించినది. పిల్లలకు తోలు అక్కరలేదు. పాత శుభలేఖల అట్టలు చాలును. కన్నులకు, నగలకు రంధ్రములు చేసి, నూనె రాచిన రంగుకాగితమును వెనుక అతికించినచో రంగుల నీడ వచ్చును. తెరకును దీపమునకును నడుమ 4 అడుగుల దూరము ఉంచి, చిన్న దీపము ఎదుట బొమ్మను పట్టవలెను. దీపమునకు 2 అడుగులలో పట్టినచో నీడ బొమ్మకు రెండింతలు. 1 అడుగులో పట్టినచో నాలుగింతలు. రాక్షసుని ఒక్కసారిగా పెంచి చూపవలెనన్నచో బొమ్మను ఎచ్చట పట్టవలెనో లెక్కవేయు బాలుడు, సరూప త్రిభుజముల పాఠమును తనకు తెలియకయే చదువుచున్నాడు. దీపమునకు దగ్గరయైనకొలది నీడ అంచులు ఏల మసకబారునను ప్రశ్న అతనిని మరియొక పాఠమునకు నడుపును.

పగటివేళ ఇదే ఆటను సూర్యుడు ఆడును. మైదానమున ఒక కఱ్ఱను నిలువుగా నాటి, దాని నీడ కొనను గంటగంటకు గులకరాళ్లతో గుర్తింపవలెను. అతిపొట్టి నీడ ఉత్తరదక్షిణములను చూపును. తెలుగునాట ఏ ఊరనైనను సంవత్సరమునకు రెండుమార్లు, ఏప్రిల్ చివరివారమునుండి మే మూడవవారములోపల ఒకసారి, జూలై చివరివారమునుండి ఆగస్టు మూడవవారములోపల మరల ఒకసారి, మిట్టమధ్యాహ్నమున సూర్యుడు నడినెత్తికి వచ్చి నీడ కఱ్ఱ మొదటనే అణగిపోవును. తమ ఊర ఆ దినము ఏదియో తమ కఱ్ఱతోనే పిల్లలు కనుగొనగలరు. ముంగిటి ముగ్గులోని చుక్కలు, అగ్గిపుల్లలను సైకిలు వాల్వుట్యూబు ముక్కలతో కూర్చిన ఆకృతులు రేఖాగణితమునకు ఇట్టి ద్వారములే. నాలుగు పుల్లల చదరమును నొక్కినచో వాలిపోవును. మూడు పుల్లల త్రిభుజము వాలదు. ఇంటి దూలములను, వంతెనలను పిల్లవాడు అటుపిమ్మట వేరుకంటితో చూచును.

ఈ ఆలోచన నేటిది కాదు. 1937 అక్టోబరులో వార్ధా విద్యాసమావేశమున గాంధీమహాత్ముడు చేతివృత్తిని కేంద్రముగా చేసికొని సమస్తవిద్యను నేర్పవలెనని ప్రతిపాదించెను. శాంతినికేతనమున రవీంద్రుడు కళను విద్యకు అలంకారముగా గాక ఆధారముగా గ్రహించెను. 1972లో మధ్యప్రదేశమున హోషంగాబాదు జిల్లాలోని 16 మాధ్యమిక పాఠశాలలలో పిల్లలే ప్రయోగములు చేసి నేర్చు విజ్ఞానబోధన ఆరంభమైనది. పరీక్షలందు సయితము పుస్తకము దగ్గర ఉంచుకొనుటకు అచ్చట అనుమతి ఉండెడిది. 2002లో ప్రభుత్వము దానిని నిలిపివేయునాటికి అది వందలాది పాఠశాలలకు వ్యాపించినది. పారవేసిన వస్తువులతో విజ్ఞానపు ఆటబొమ్మలను చేయుట నేర్పిన అరవింద గుప్తాగారికి 2018లో పద్మశ్రీ లభించినది. 2020 నాటి జాతీయ విద్యావిధానము, 6 నుండి 8 వరకు గల తరగతుల విద్యార్థులు ఒకమారు 10 దినములు పుస్తకములసంచి లేకుండ వడ్రంగులు, తోటమాలులు, కుమ్మరులు, కళాకారులు మున్నగువారి యొద్ద పని నేర్వవలెనని చెప్పినది. పది దినములు ఆరంభమునకు చాలును గాని అలవాటునకు చాలవు. అలవాటును పెంచవలసినది ఊరు. ఒక్క హెచ్చరిక మాత్రము అవసరము: ప్రశ్న పోయి పని మాత్రము మిగిలినచో అది చాకిరి, పని పోయి ప్రశ్న మాత్రము మిగిలినచో అది వల్లెవేత.

ఇందులకు తల్లిదండ్రులు చెప్పు అభ్యంతరములు న్యాయమైనవే. మార్కులు రావలెను గదా యని మొదటిది. వారమునకు రెండు గంటలు చేతిపనికి ఇచ్చినచో మార్కులు పోవు. పసుపుకాగితముపై క్షారమును చూచినవాడు ఆ మాటకు అర్థము వ్రాయుటకు తడుముకొనడు. ధనము ఎక్కడిదని రెండవది. పసుపు, సున్నము, కరక్కాయ, పటిక, పాతగుడ్డలు, ఖాళీసీసాలు, శుభలేఖల అట్టలు: ఇవియే పైన చెప్పిన పనులకు కావలసిన సామగ్రి.

నేర్పువారెవరను మూడవ అభ్యంతరమే గొప్పది; జవాబును అంతకంటె గొప్పది. ముగ్గు వేయు తల్లి, కుండచేయు కుమ్మరి, వడ్రంగి, బట్టలకు అద్దకమువేయు పనివాడు, డప్పు బిగించు పెద్ద ఉపాధ్యాయులు కావలెను. డప్పును మంటకు కాచినగాని సరిగా మ్రోగదని ఎరిగినవారు తరతరములుగా ఊరిచివర నిలుపబడిరి. చర్మము వేడికి తేమవీడి బిగియుననియు, బిగిసినకొలది శ్రుతి హెచ్చుననియు తెలిసిన ఆ జ్ఞానమును ఊరు విద్యగా లెక్కింపలేదు. గ్రంథాలయపు బల్లయొద్ద ఆ పెద్దను కుర్చీలో కూర్చుండబెట్టి, అన్ని ఇండ్ల పిల్లలును చుట్టుచేరి, “తాతా, మంటకు కాచకపోయినచో ఏమగును?” అని అడుగు దినము రావలెను. ఆ దినమున విజ్ఞానమును, కళయు మాత్రమే గాక మనుష్యులును కలయుదురు.

ఈ పనికి గ్రంథాలయముకంటె తగినచోటు లేదు. బడిలో గంట మ్రోగును, పరీక్ష వచ్చును. గ్రంథాలయమున ఆ రెండును లేవు. పుస్తకములకు కుట్టుపని చేయు అంగడిలో 14వ ఏట పనికి కుదిరిన మైకేల్ ఫారడే, తాను కుట్టిన పుస్తకములనే చదివి, వానిలో చెప్పిన ప్రయోగములను తన కొలదిసంపాదనతో చేసి చూచి మహాశాస్త్రజ్ఞుడయ్యెను. పెద్దవాడైన పిమ్మట 1860-61 శీతకాలమున లండనులో పిల్లలయెదుట నిలిచి ఒక్క కొవ్వొత్తిని గూర్చి ఆరు ఉపన్యాసములు చేసెను. చదివినదానిని చేసి చూచుట ఆయన వాడుక. పుస్తకమునకును, చేతికిని నడుమ దూరము లేనిచోట అట్టి వాడుక పుట్టును. ఆంధ్రదేశమున గ్రంథాలయోద్యమము నడచిన కాలమున పెద్దలు పుస్తకమును పాఠకుని యొద్దకు చేర్చుటకు ఏ ఉపాయమునైనను విడువలేదు. 1935లో పెదవడ్లపూడి, కొల్లిపరల నడుమ కాలువమీద పడవలో గ్రంథాలయమును నడపిరి. పుస్తకమును నీటిపై నడపినవారి వారసులకు, దానిని ఒక పనిబల్లవరకు నడపుట అసాధ్యము కాదు.

కావలసినది స్వల్పము. ఒక పొడవైన బల్ల. సామగ్రికి ఒక పెట్టె. బాలల పుస్తకములకు వారి చేతికందు ఎత్తున ఒక అర. ఆదివారమున రెండు గంటలు. బాలురును, బాలికలును సమానముగా రావలెను. పోటీలు, బహుమతులు వలదు. బహుమతి వచ్చినచోట ఓడిపోవుదునను భయము వచ్చును, భయమున్నచోట ప్రయోగము నిలువదు. దీనికి తోడు ఒక నోటుపుస్తకము ఉండవలెను. తాము ఏమి ఊహించితిమో, ఏమి చేసితిమో, ఏమి జరిగినదో పిల్లలు అందులో బొమ్మలతో వ్రాయవలెను. పాడైన ప్రయోగమును సయితము వ్రాయవలెను. రంగు పట్టని గుడ్డముక్కను కూడ అందులో అతికింపవలెను. అది నిండిన పిమ్మట దానికి అట్ట కట్టి, వరుససంఖ్య వేసి, పట్టికలో చేర్చి, తక్కిన పుస్తకములవలెనే ఇంటికి ఇచ్చుచుండవలెను. అప్పుడు ఈ ఊరి పిల్లలు ఈ గ్రంథాలయమునకు పాఠకులు మాత్రమే గాక గ్రంథకర్తలును అగుదురు.

నేడు కొనియాడబడుచున్న 25 సంవత్సరములలో ఈ అరలు ఇతరులు వ్రాసిన పుస్తకములతో నిండినవి. స్వర్ణోత్సవము నాటికి వాని పక్కన ఈ ఊరి పిల్లల చేతివ్రాత పుస్తకములు, పసుపు మరకలతో, కరక్కాయ నలుపుతో, ఒక అర నిండుగా నిలుచుగాక! ఈ గ్రంథాలయము చిరకాలము వర్ధిల్లుగాక!